మొదటి పదేళ్ల జీతం: సంపద ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ తెగిపోతుంది

క్లుప్తంగా: ఇరవైల్లో మొదలుపెట్టిన పెట్టుబడికి బలం రాబడి శాతం కన్నా ఏళ్ల సంఖ్య నుంచే ఎక్కువగా వస్తుంది. ఆ ఏళ్లు మధ్యలో తెగకపోతేనే చక్రవడ్డీ పనిచేస్తుంది. ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ తీసుకోవడం, పన్ను కోసం పాలసీ కట్టడం, మార్కెట్ పడగానే సిప్ (నెలనెలా ఫండ్‌లో కట్టే వాయిదా) ఆపేయడం, ఆప్షన్స్ ట్రేడింగ్‌లో (ధర ఎటు కదులుతుందన్న దానిపై వేసే స్వల్పకాలిక పందెంలో) పొదుపు పోగొట్టుకోవడం దాన్ని తెంచుతాయి. ఏ పథకం మంచిదన్న ప్రశ్న వీటి తర్వాతే వస్తుంది.

2024 అక్టోబర్‌లో మ్యూచువల్ ఫండ్ సిప్‌ల ద్వారా వచ్చిన సొమ్ము తొలిసారి ఒక్క నెలలో రూ.25 వేల కోట్లు దాటింది. అంతకు నెల ముందే, ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనం తేల్చింది. క్రమంగా పొదుపు చేస్తున్నదీ, వేగంగా పోగొట్టుకుంటున్నదీ చాలావరకు ఒకే తరం. చాలాసార్లు ఒకే ఫోన్, ఒకే యాప్. ఇంట్లో పెద్దవాళ్లేమో "ముందు ఓ ప్లాట్ కొనుక్కో" అంటారు. తెలిసిన ఏజెంట్ పాలసీ కాగితాలతో వస్తాడు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో తొలి జీతం అందుకున్న మనిషికి ఈ సలహాలను ఏ తూకంతో తూచాలో తెలియకపోవడమే అసలు టెన్షన్.

లెక్క ఎక్కడ మలుపు తిరుగుతుంది

నెలకు రూ.5 వేలు, 25వ ఏట మొదలుపెట్టి 60వ ఏట వరకు. ఏడాదికి 10 శాతం రాబడి అనుకుందాం. ఈ రాబడికి ఎవరూ హామీ ఇవ్వరు, లెక్క కోసం తీసుకున్న అంకె మాత్రమే. 35 ఏళ్లలో చేతి నుంచి కట్టేది రూ.21 లక్షలు. చివరికి చేరేది దాదాపు రూ.1.90 కోట్లు.

ఈ మొత్తాన్ని రెండు ముక్కలుగా విడదీస్తే అసలు సంగతి బయటపడుతుంది. మొదటి పదేళ్లలో కట్టిన రూ.6 లక్షలు 60వ ఏటికి సుమారు రూ.1.23 కోట్లు అవుతాయి. తర్వాతి పాతికేళ్లలో కట్టిన రూ.15 లక్షలు సుమారు రూ.66 లక్షలే అవుతాయి. రెండున్నర రెట్లు ఎక్కువ కట్టినా వచ్చేది దాదాపు సగం. 35వ ఏట "ఇప్పుడు జీతం బాగుంది, మొదలుపెడదాం" అనుకునేవారు పోగొట్టుకున్నది ఆ మొదటి ముక్కనే.

ఇంకో కోణం కూడా ఉంది. ఇదే లెక్కలో 53వ ఏట ఖాతాలో ఉండేది సుమారు రూ.92 లక్షలు. అంటే 28 ఏళ్లు గడిచినా సగం కూడా రాలేదు, మిగతా సగం చివరి ఏడేళ్లలో వస్తుంది. తొలి ఐదారేళ్లు ఖాతా చూసినప్పుడల్లా కట్టిన డబ్బే కనిపిస్తుంది, పెరుగుదల కంటికి ఆనదు. ఎక్కువమంది విసుగొచ్చి బయటపడేది ఈ దశలోనే. లోపం వాళ్ల ఓపికలో కన్నా చక్రవడ్డీ స్వభావంలోనే ఉంది. అది చివర్లోనే చెల్లిస్తుంది.

ప్రకటనల్లో కోట్ల అంకె చూపించేవారు ఒక సగం చెప్పరు. ధరలు ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగితే 35 ఏళ్ల తర్వాతి రూ.1.90 కోట్లకు నేటి విలువ సుమారు రూ.34 లక్షలే. నెలకు రూ.5 వేలు అనే అంకెను 35 ఏళ్ల పాటు మార్చకపోతే ఫలితం ఇలాగే ఉంటుంది. ఇంక్రిమెంట్ వచ్చినప్పుడల్లా వాయిదాను కూడా 8 శాతం పెంచుకుంటూ పోతే, అదే రాబడికి చివరి మొత్తం సుమారు రూ.4.5 కోట్లు. నేటి విలువలో రూ.82 లక్షలు. నాలుగు ఫండ్లను పోల్చి ఒకటి ఎంచుకోవడం కన్నా ఏటా వాయిదా పెంచే అలవాటు ఎక్కువ ఇస్తుందని ఈ తేడా చెబుతోంది.

పీఎఫ్: అడగకుండానే మొదలైన పెట్టుబడి

చాలామంది యువ ఉద్యోగులు తమకు ఇంకా పెట్టుబడులేమీ లేవంటారు. కానీ పీఎఫ్ వర్తించే ఉద్యోగంలో చేరిన నెల నుంచే ఒకటి నడుస్తూ ఉంటుంది. బేసిక్ రూ.15 వేలు అనుకుంటే ఉద్యోగి వాటా 12 శాతం, అంటే రూ.1,800. యజమాని వాటా మరో రూ.1,800. యజమాని వాటాలో రూ.1,250 పెన్షన్ పథకానికి వెళ్తుంది, మిగతా రూ.550 పీఎఫ్‌లో చేరుతుంది. అంటే నెలకు రూ.2,350 జమ. 2023-24, 2024-25 సంవత్సరాలకు దీనిపై వడ్డీ 8.25 శాతం. ఇంత తక్కువ రిస్కుతో ఇంత వడ్డీ ఇచ్చే పథకాలు జీతగాళ్లకు బహు కొద్ది.

ఇది తెగేది ఉద్యోగం మారినప్పుడు. మొదటి ఐదేళ్లలో ఇలా చేరే మొత్తం, 8 శాతం వడ్డీతో, సుమారు రూ.1.73 లక్షలు. పెళ్లి ఖర్చుకో, బైకుకో, కొత్త ఊళ్లో ఇంటి అడ్వాన్సుకో ఆ డబ్బు తీసుకోవడం మామూలే. దాన్ని తీయకుండా కొత్త కంపెనీ ఖాతాకు బదిలీ చేసి మరో 30 ఏళ్లు వదిలేస్తే, అదొక్కటే సుమారు రూ.19 లక్షలు అవుతుంది. నష్టం అక్కడితో ఆగదు. ఐదేళ్ల నిరంతర సర్వీసు నిండకముందే తీసుకుంటే సాధారణంగా పన్ను పడుతుంది. పెన్షన్ సొమ్మును కూడా తీసేసుకుంటే, నెలవారీ పెన్షన్‌కు కావలసిన పదేళ్ల సర్వీసు మళ్లీ మొదటి నుంచి లెక్క.

పీఎఫ్ ఖాతా ముగించే నాటికి సగం మంది చందాదారుల ఖాతాల్లో రూ.20 వేలకు మించి లేదని కేంద్ర కార్మిక శాఖ చెప్పింది. 2025 అక్టోబర్ 13న పీఎఫ్‌ను నడిపే ఈపీఎఫ్‌ఓ ధర్మకర్తల మండలి తీసుకున్న నిర్ణయాలకు నేపథ్యం ఇదే. పాక్షికంగా తీసుకునే నిబంధనలను సులభం చేస్తూనే, ఖాతాలో కనీసం 25 శాతం నిల్వ ఉండాలని, ఉద్యోగం పోయాక మొత్తం తీసుకునే గడువును 2 నెలల నుంచి 12 నెలలకు పెంచాలని మండలి నిర్ణయించింది. సొంత డబ్బుకు తాళం వేస్తారా అన్న విమర్శ వెంటనే వచ్చింది. ఉద్యోగం పోయి ఇల్లు గడవనివారి విషయంలో ఆ విమర్శలో న్యాయముంది. అయితే ఉద్యోగం పోకుండా, కేవలం మారిన సందర్భంలో తీసుకోవడానికి ఆ న్యాయం వర్తించదు.

స్థలం ఎందుకు గెలిచినట్టు కనిపిస్తుంది

తెలుగు ఇళ్లలో సంపద అంటే మొదట గుర్తొచ్చేది భూమి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభం కాకముందు మాదాపూర్ వైపు స్థలం కొన్నవారి కథలు బంధువుల్లో ఎవరో ఒకరి దగ్గర వినే ఉంటాం. ఆ కథలు నిజమే. కానీ అవి గెలిచినవారి కథలు. ఊరికి దూరంగా వెంచర్‌లో కొని, అనుమతి లేని లేఅవుట్ అని తేలి, ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) కోసం తిరుగుతున్నవారి అనుభవం అంతగా ప్రచారంలోకి రాదు. ధర ఎంత వేగంగా రెండు వైపులా కదులుతుందో అమరావతి చూపించింది. రాజధాని ప్రకటనతో ఎగిసిన ధరలు, 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చాక కుప్పకూలాయి. 2024 ఎన్నికల తర్వాత మళ్లీ లేచాయి. మధ్యలో డబ్బు అవసరమైనవారికి కొనేవాడే దొరకలేదు.

అయినా భూమి చాలా కుటుంబాలను నిలబెట్టింది. దానికి కారణం భూమిలో ఎంత ఉందో, దాన్ని పట్టుకునే తీరులోనూ అంత ఉంది. స్థలానికి రోజువారీ ధర ఫోన్‌లో కనిపించదు. పావు గజం అమ్ముకోవడం కుదరదు. అమ్మాలంటే ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి, బేరం రావాలి, రిజిస్ట్రేషన్ జరగాలి. అందుకే కొన్నవాళ్లు ఇరవై, ముప్పై ఏళ్లు ఉంచుకుంటారు. మధ్యలో ధర సగానికి పడినా వాళ్లకు తెలియదు. షేర్లలో అదే మనిషి పది శాతం పడగానే అమ్మేస్తాడు. "స్థలం ఎప్పుడూ నష్టపోనివ్వదు, షేర్లు ముంచుతాయి" అనే నమ్మకంలో కొంత భాగం, ధర కనిపించడం, కనిపించకపోవడం అనే తేడా నుంచే వచ్చింది.

పాతికేళ్ల వయసులో ప్లాట్ కొనడంలో అసలు చిక్కు వేరే. రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ ఖర్చే సుమారు 7.5 శాతం. ఈఎంఐ పోను చేతిలో ఏమీ మిగలదు, కాబట్టి మొదటి పదేళ్ల పొదుపంతా ఒకే ఊళ్లో, ఒకే రోడ్డు పక్కన, ఒకే సర్వే నంబరు మీద ఆధారపడుతుంది. ఆ రోడ్డు రాకపోతే రెండో అవకాశం ఉండదు. ఇక రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా "ప్రీ లాంచ్" పేరుతో డబ్బు తీసుకునే ప్రాజెక్టుల్లో రిస్కు పూర్తిగా కొనేవారిదే. రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రాజెక్టును అది లేకుండా ప్రకటించడమే 2016 నాటి రెరా చట్టానికి విరుద్ధం.

చిట్టీ, బంగారం, పాలసీ

చిట్టీకి ఉన్న గొప్ప గుణం బలవంతపు పొదుపు, అవసరానికి పాడుకునే వీలు. కానీ అది రెండు మూడేళ్ల సాధనం. చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ పోతుంది (2019 సవరణతో దీని గరిష్ఠ పరిమితి 5 నుంచి 7 శాతానికి పెరిగింది), ప్రతి చిట్టీ ముగిశాక డబ్బు చేతికొస్తుంది, చేతికొచ్చిన డబ్బు ఖర్చవుతుంది. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ కాని చిట్టీల్లో అసలుకే భరోసా లేదు.

బంగారం 2025లో 10 గ్రాములు లక్ష రూపాయలు దాటాక యువతరం దృష్టి మళ్లీ అటు తిరిగింది. అయితే 2012లో రూ.31 వేల దగ్గరున్న ధర 2018లో కూడా దాదాపు అక్కడే ఉందన్న సంగతి మరవకూడదు. నగల రూపంలో కొంటే తరుగు, మజూరీ, జీఎస్టీ మొదటి రోజే పోతాయి. షేరులా కొనే గోల్డ్ ఈటీఎఫ్‌లో తరుగు, మజూరీ ఉండవు. మొత్తం పొదుపులో కొంత భాగంగా బంగారానికి చోటు ఉంది, షేర్లు పడిన కాలంలో అది నిలబడిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి.

పాలసీ దగ్గర ఇంకాస్త ఆగాలి. మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. మోసం అంటే అబద్ధం చెప్పడం అని కాదు, లెక్క కనిపించకపోవడం. ఏడాదికి రూ.లక్ష చొప్పున 20 ఏళ్లు కడితే రూ.37 లక్షలు వస్తాయంటే దాదాపు రెట్టింపు అనిపిస్తుంది. దాన్ని వడ్డీలోకి మారిస్తే 5.5 శాతం. అదే డబ్బు 7.1 శాతం ఇచ్చే ప్రభుత్వ పొదుపు పథకం పీపీఎఫ్‌లో 20 ఏళ్లు ఉంటే రూ.44 లక్షలు దాటుతుంది. బీమా, పొదుపు కలిపి అమ్మే ఎండోమెంట్, మనీబ్యాక్ పాలసీల రాబడి సాధారణంగా 5, 6 శాతం చుట్టూనే తిరుగుతుంది. పైగా వాటిలో బీమా రక్షణ కూడా ఏడాది ప్రీమియానికి పది పన్నెండు రెట్ల దగ్గరే ఉంటుంది. ఇంట్లో ఇద్దరు మన జీతం మీద ఆధారపడితే ఆ మొత్తం ఏ మూలకూ చాలదు. ఆరోగ్యంగా ఉన్న యువతకు కోటి రూపాయల టర్మ్ పాలసీ (పొదుపు లేని, బీమా మాత్రమే ఉన్న పాలసీ) ఏడాదికి కొన్ని వేల రూపాయల్లోనే దొరుకుతుంది. బీమాను బీమాగా, పొదుపును పొదుపుగా విడదీస్తే రెండూ మెరుగవుతాయి.

మార్చి నెలలో పన్ను ఆదా కోసం పాలసీ తీసుకునే అలవాటుకు ఇప్పుడు ఆధారం కూడా పోయింది. 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే డిఫాల్ట్, అందులో పాలసీ ప్రీమియం లాంటి వాటికి ఇచ్చే 80సీ మినహాయింపు లేదు. 2025-26 నుంచి ఆ విధానంలో జీతగాళ్లకు రూ.12.75 లక్షల ఆదాయం వరకు పన్ను పడదు. పడని పన్నును ఆదా చేయడానికి 20 ఏళ్ల ఒప్పందం మీద సంతకం చేస్తున్నవారు ఇంకా ఉన్నారు.

మార్కెట్‌లో దీర్ఘకాలం అంటే ఎంత

"లాంగ్ టర్మ్‌లో షేర్లు పెరుగుతాయి" అనే మాట నిజమే కానీ అసంపూర్ణం. 1992 ఏప్రిల్‌లో, బ్రోకర్ హర్షద్ మెహతా కుంభకోణం బయటపడే వేళకు, బొంబాయి షేర్ల సూచీ సెన్సెక్స్ 4,400 దాటింది. 2003 ఏప్రిల్‌లో 3,000 దగ్గర ఉంది. పదకొండేళ్లు. 2008 జనవరిలో 20,800 దాటిన సూచీ 2009 మార్చిలో 8,160కి పడింది. పాత స్థాయికి 2010 నవంబర్‌లో చేరినా, 2013 చివరి వరకు దాన్ని దాటి నిలవలేకపోయింది. జపాన్ షేర్ల సూచీ నిక్కీ అయితే 1989 డిసెంబర్ నాటి 38,915 పాయింట్లను తిరిగి దాటింది 2024 ఫిబ్రవరిలో. ముప్పై నాలుగేళ్లు.

ఈ అంకెలు ఒకేసారి, శిఖరం మీద డబ్బు పెట్టినవారి పరిస్థితిని చెబుతాయి. జీతం నుంచి నెలనెలా పెట్టేవారి పరిస్థితి భిన్నం. 2008, 2009లో కొనసాగిన సిప్ పడిన ధరలకు ఎక్కువ యూనిట్లు కొంది, సూచీ పాత స్థాయికి చేరేసరికి లాభంలో ఉంది. యువతకు మార్కెట్ పడటం ఒక రకంగా మేలే, ఎందుకంటే వాళ్లు ఇంకా ముప్పై ఏళ్లు కొనేవాళ్లు. అమ్మే వయసు దగ్గరపడినవారికే అది కీడు. ఐదేళ్లలోపు కావలసిన డబ్బు, అంటే పెళ్లికో ఇంటి డౌన్ పేమెంట్‌కో దాచేది, షేర్లలో ఉండకూడదనే నియమం కూడా ఈ చరిత్ర నుంచే వచ్చింది.

నిక్కీ చెప్పే ఇంకో పాఠం ధర గురించి. 1989లో జపాన్ కంపెనీల షేర్లు వాటి లాభాలతో పోలిస్తే విపరీతమైన ధరల్లో ఉన్నాయి. కాలం అన్ని తప్పులనూ కడిగెయ్యదు. అందుకే పొదుపంతా షేర్లలోనే కాకుండా పీఎఫ్, పీపీఎఫ్ లాంటి స్థిర వడ్డీ పథకాలతో కలిపి ఉంచడం, వీలైతే కొంత విదేశీ సూచీల్లో పెట్టడం అవసరమవుతుంది.

ఫండ్ ఎంపికలో భవిష్యత్ రాబడి ఎవరి చేతిలోనూ ఉండదు, ఖర్చు మాత్రం ముందే తెలుస్తుంది. పైన చెప్పిన రూ.5 వేల లెక్కలో 10 శాతానికి బదులు 9 శాతం వస్తే చివరి మొత్తం రూ.1.90 కోట్ల నుంచి సుమారు రూ.1.47 కోట్లకు తగ్గుతుంది. ఏజెంటు కమీషన్ కలిసిన రెగ్యులర్ ప్లాన్‌కు, అది లేని డైరెక్ట్ ప్లాన్‌కు మధ్య కొన్ని ఫండ్లలో ఖర్చు తేడా ఆ ఒక్క శాతం దగ్గరే ఉంటుంది. డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి నుంచి అందుబాటులో ఉన్నాయి. నిఫ్టీ 50 లాంటి సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్లలో ఖర్చు ఇంకా తక్కువ. కంపెనీల ఫలితాలు చదివే తీరిక లేనివారికి ఇది చాలు.

ఆప్షన్స్: ఎవరి డబ్బు ఎవరికి

షేరు కొన్నవారికి కంపెనీ లాభం తోడుంటుంది, ఆ లాభం పెరిగితే కొన్న అందరూ బాగుపడవచ్చు. ఆప్షన్స్‌లో ఒకరి లాభం మరొకరి నష్టమే. బ్రోకరేజీ, ఎస్‌టీటీ (లావాదేవీ పన్ను), ఇతర చార్జీలు కలిపితే ఆడేవారందరి మొత్తం ఖాతా ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది. అవతలి వైపు ఉన్నది ఎవరన్నది రెండో ప్రశ్న. సెబీ లెక్కల ప్రకారం 2023-24లో ప్రొప్రైటరీ ట్రేడర్లు (సొంత డబ్బుతో ట్రేడింగ్ చేసే సంస్థలు) సుమారు రూ.33 వేల కోట్లు, విదేశీ ఇన్వెస్టర్లు రూ.28 వేల కోట్లు స్థూల లాభం పొందారు. అందులో అధిక భాగం కంప్యూటర్ అల్గారిథమ్‌లదే. మూడేళ్లలో వ్యక్తుల నష్టం రూ.1.8 లక్షల కోట్లు దాటింది, సగటున తలా రూ.2 లక్షలు.

ఈ ట్రేడర్లలో 30 ఏళ్లలోపువారి వాటా ఒక్క ఏడాదిలో 31 శాతం నుంచి 43 శాతానికి పెరిగింది. నాలుగింట మూడొంతుల మంది ఏడాది ఆదాయం రూ.5 లక్షల లోపే. నిబంధనలు కఠినం చేశాక కూడా 2024-25లో 91 శాతం మంది నష్టపోయారని, వారి మొత్తం నష్టం రూ.1.05 లక్షల కోట్లు దాటిందని సెబీ 2025 జులైలో వెల్లడించింది. పాతికేళ్ల వయసులో పోయిన రూ.2 లక్షలు, పైన వేసిన లెక్కలోనే చూస్తే, 60వ ఏటి రూ.65 లక్షలు. ఎక్కువ కాలం ముందున్నవారికి నష్టం కూడా అంతే పెద్దది.

అమెరికాలో ఉన్నవారికి

అక్కడ ఉద్యోగం చేస్తూ ఇక్కడి మ్యూచువల్ ఫండ్లలో సిప్ కొనసాగించే తెలుగువారు చాలామంది ఉన్నారు. అమెరికా పన్ను చట్టం దృష్టిలో అక్కడి పన్ను రెసిడెంట్లకు మన మ్యూచువల్ ఫండ్లు పీఎఫ్‌ఐసీ (ఒక రకం విదేశీ పెట్టుబడి కంపెనీ) అనే తరగతి కిందకు వస్తాయి. వాటిపై పన్ను లెక్క కఠినం, వాటి వివరాలిచ్చే 8621 ఫారాల పని అదనం, ఫండ్ లాభంలో పెద్ద ముక్క అటే పోవచ్చు. కంపెనీ తన వాటా కలిపే 401(కె) రిటైర్మెంట్ ఖాతా ఉన్నచోట ముందు ఆ వాటా పూర్తిగా అందుకోవడం తేలికైన మెట్టు. చదువు కోసం ఇక్కడ 10, 12 శాతం వడ్డీకి అప్పు తీసుకున్నవారికైతే ఆ అప్పు తీర్చడమే రిస్కు లేని 10, 12 శాతం రాబడి.

గొలుసు నిలబెట్టేది ఏది

అప్పుల వరుస కూడా ఇక్కడే వస్తుంది. క్రెడిట్ కార్డు బాకీ మీద ఏడాదికి 36 నుంచి 42 శాతం వడ్డీ పడుతుంటే, 10 శాతం ఆశతో సిప్ కట్టడం వెనక్కి నడవడమే. తల్లిదండ్రులకు ఆరోగ్య బీమా లేని ఇంట్లో ఒక్క ఆపరేషన్ పదేళ్ల పొదుపును తినేస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు కాబట్టి ఆ భారం కొంత తగ్గింది. వీటి పక్కన ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకు డిపాజిట్‌లో ఉండాలి. ఒక బ్యాంకులో ఒకరి డిపాజిట్లకు రూ.5 లక్షల వరకు బీమా ఉంది. ఆ డబ్బు మీద వచ్చే వడ్డీ చూసి చాలామంది పెదవి విరుస్తారు. దాని పని వడ్డీ తేవడం కాదు.

2020 జనవరిలో 42 వేల దగ్గరున్న సెన్సెక్స్ మార్చి 23న 26 వేల కిందికి వచ్చింది. అదే వారం దేశమంతా లాక్‌డౌన్. ఏప్రిల్ నుంచి జీతాల కోతలు, ఉద్యోగాల తొలగింపులు. బ్యాంకులో ఆరు నెలల ఖర్చు ఉన్నవాళ్లు ఫండ్ యూనిట్లను తాకకుండా ఇంటి అద్దె, ఈఎంఐ కట్టుకున్నారు. లేనివాళ్లు అదే అద్దె కోసం పడిన ధరకు యూనిట్లు అమ్ముకున్నారు. నవంబర్‌లో సూచీ మళ్లీ 42 వేలు దాటింది. ఇద్దరూ ఒకే ఫండ్‌లో ఉన్నా, ఆ రోజున రెండోవాళ్ల ఖాతాలో పెరగడానికి యూనిట్లు మిగల్లేదు.